బహువ్రీహి

భీమిలి డచ్చి సమాధుల గేటు తాళం
మా బడి అటెండరు గురుమూర్తి దగ్గరుంటుంది.
ఆదివారం పొద్దున్నే ఫోను:
"తెలుగు మేడమ్, ఎవరో విదేశీ ఆవిడ వచ్చారు.
రాతి మీద మాట దగ్గర ఆగిపోయారు.
మాటలంటే మీరే గదా."

సాగర్‌నగర్‌లో తొమ్మిదొందల కె ఎక్కి
కిటికీ పక్కన ఉప్పుగాలి తింటూ వెళ్ళాను.

ఆవిడ పేరు మరైకె. పోర్టులో
ఇసుక తోడే ఓడ మీద సర్వేయరు.
సముద్రం అడుగున ఎంత లోతుందో కొలవడం పని.
సెలవు రోజున ఇక్కడ
నాచు అడుగున ఎవరున్నారో చూస్తోంది.

రాతి మీద గుర్రం.
జూలు ఉంది, ఎత్తిన ముందుకాలు ఉంది.
నుదుటి మీద మాత్రం చిన్న గుంట.
గాలి తినేసిందో, మా పిల్లల క్రికెట్ బంతి తగిలిందో.
కింద, చనిపోయినవాడి ఇంటిపేరు:
ఏన్‌హోర్న్.

గోటిలో ఇంకా రేవు బురదున్న వేలు పెట్టి
మాటను మధ్యకి విరిచింది.
ఏన్ అంటే ఒకటి. హోర్న్, కొమ్ము.
"మరి జంతువేదీ?" అన్నాను.
ఆవిడ రాతిని చూసింది, నన్ను చూసింది.
"నా భాషలో నన్నెవరూ ఇది అడగలేదు."

ఇరవై రెండేళ్ళుగా నేను చెప్పే పాఠమే అది.
ముక్కంటి అంటే మూడు కాదు, కన్నూ కాదు,
ఆ రెంటిలోనూ లేనివాడెవడో, వాడు.
బహువ్రీహి అన్నా అంతే. బోలెడు వడ్లు.
వడ్లున్న ఆసామి మాటలోకి రాడు,
గట్టు మీదే నిలబడతాడు.

ఇంకో సంగతి చెప్పింది మరైకె.
విడిగా రాసినప్పుడు, ఏన్ అంటే కచ్చితంగా ఒకటే అనాలంటే
నెత్తిన రెండు గీతలు పెట్టాలట.
లేకపోతే అది ఉత్త 'ఒక'.
అనగనగా ఒక రాజు అన్నప్పటి ఒక.
ఎవరూ లెక్కపెట్టని ఒక.

మాట కూడా వాళ్ళ సొంతం కాదట.
లాటిన్‌ని ముక్కకు ముక్క తిప్పుకున్నారు,
లాటిన్ వాళ్ళు గ్రీకుని.
గ్రీకులో రాసిపెట్టినవాడు ఒక వైద్యుడు,
మన దేశం ఎన్నడూ చూడనివాడు.
అక్కడ ఒంటికొమ్ము గాడిదలుంటాయని రాశాడట.
ఎవరి నోటో మన ఖడ్గమృగం సంగతి విని ఉంటాడు.
పాపం, అది నోటి నుంచి నోటికి
బురద కడుక్కుని, తోలు మడతలు విప్పుకుని,
సన్నబడి, తెల్లబడి,
చివరికి బట్టల బేళ్ళు కొనే ఒకడి ఇంటిపేరై
ఓడెక్కి
బయల్దేరిన దేశంలోనే దిగి పడుకుంది.

రాతిలో గుర్రం ఉంది, కొమ్ము లేదు.
మాటలో కొమ్ము ఉంది, గుర్రం లేదు.
మధ్యలో జానెడు నాచు.
గురుమూర్తి తాళంచెవితో దాన్ని గీకబోతే
ఇద్దరం ఒకేసారి వద్దన్నాం.

గోస్తనీ సముద్రంలో కలిసే చోట
ఒలిశెట్టి మాసేనమ్మ నిలువెత్తు చేపని ఇసుక మీద పరిచింది.
ఇది కొమ్ముకోనెం, అని చెప్పాను మరైకెకి.
కొమ్ము చేప అని అర్థం చెప్పాను.
ఆవిడ వంగి మూతి వెతికింది. లేదు.

"వలకి సుట్టుకుని ఇరిగిపోనాదమ్మా.
కొమ్ము పోతే పేరు పోద్దేటి?
కిలో మూడొందలు. తీసుకుంటావా, నేదా?"

సోమవారం, తొమ్మిదో తరగతి బి సెక్షన్.
బోర్డు మీద రాశాను:
ఒంటికొమ్ము = ఒకటైన కొమ్ము కలది.
"ఇప్పుడు చివరి మాట విడదీయండి."

వెనక బెంచీ మైలపల్లి సత్యవేణి లేచింది.
జడలో ఇసుక, చేతిలో సగం సుద్దముక్క.
"కల, అది" అంది.
సంధి సరిపోయింది.
నేను కాసేపు డస్టరు తియ్యలేదు.